‘మంచావిడ, ఆవిణ్ణి అడగండి’

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. స్టవ్ మీద తాలింపు చిటపటలాడుతోంది. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని హలో అన్నాను. అవతల ఒక పెద్దాయన, తెనాలి నుంచి. గొంతు చాలా మెత్తగా ఉంది. వాళ్ళమ్మాయికి సంబంధాలు చూస్తున్నారట. అబ్బాయి వాళ్ళది మా అపార్ట్‌మెంటే. “మీరు లెక్చరర్ అంట కదమ్మా. చాలా మంచావిడ, ఆవిణ్ణి అడగండి అని మీ నంబరు ఇచ్చారు. ఏమీ అనుకోకపోతే, అబ్బాయి ఎలాంటివాడో కాస్త చెప్తారా” అన్నారు.

“మంచి కుర్రాడేనండీ. ఎవరి జోలికీ పోడు. తన పనేదో తనది” అన్నాను.

అంతా కలిపి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆయన రెండుసార్లు థాంక్స్ చెప్పి పెట్టేశారు. ఇక్కడ వెల్లుల్లి మాడిపోయింది. మా ఆయన పేపర్లోంచి తలెత్తి “అదేంటి, అలా చెప్పేశావ్?” అన్నాడు. ఇంకో మాట అనలేదు. మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయాడు.

ఆ అబ్బాయి గురించి నాకు తెలిసిందేమిటో చెప్తాను. (ఎవరూ గుర్తుపట్టకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను.) ఏడాదిన్నర కింద ఒక రాత్రి పదకొండు దాటాక వాళ్ళమ్మ మా బెల్లు కొట్టింది. ఎడమ మోచెయ్యి వాచి ఉంది. “బాత్‌రూంలో జారాను వదినగారూ, కాస్త ఐసు ఉంటే ఇస్తారా” అంది. వాళ్ళింట్లో మాకంటే పెద్ద ఫ్రిజ్ ఉంది. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టుకుని, మోచేతికి ఒత్తుకుంటూ గంటసేపు మా హాల్లో కూర్చుంది. టీవీలో ఏదో వస్తుంటే చూసింది. వెళ్ళేముందు “పడుకున్నాడో లేదో” అని తనలో తను అనుకుంది. నేను విననట్టు ఊరుకున్నాను. అంతకు ముందూ ఆ తర్వాతా గోడ అవతల అరుపులు విన్నాం. గిన్నెలు విసిరిన చప్పుడు విన్నాం. పొద్దున లిఫ్టులో కనిపిస్తే మాత్రం “నమస్తే ఆంటీ” అంటూ నా చేతిలో కూరగాయల సంచి అందుకుంటాడు. చాలా మర్యాదస్తుడు.

ఇది సాక్ష్యమా అంటే కాదు. ఆవిడ నిజంగానే జారిపడి ఉండొచ్చు. మా అమ్మాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది, రేపో మాపో దానికీ సంబంధాలు చూడాలి. ఇదే సంబంధం దానికి వస్తే చేస్తానా అని నన్ను నేను అడుక్కున్నాను. జవాబు రావడానికి అరసెకను పట్టలేదు.

వంద అబద్ధాలు

వంద అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు, నేనాడింది ఒక్కటేగా అని ఆ సాయంత్రం దాకా సర్దిచెప్పుకున్నాను. ఆ సామెత చెప్పేవాళ్ళెవరూ ఆ వంద అబద్ధాలూ ఎవరి నెత్తిన పడతాయో చెప్పరు. పైగా నేను ఆ పెళ్ళి జరగాలని ఏమీ ఆడలేదు. కుర్రాడి మీద అభిమానం ఉండి కూడా కాదు. అంత పెద్దాయన అంత మర్యాదగా అడుగుతుంటే “వద్దండీ” అనడానికి నోరు రాలేదు. వాళ్ళమ్మ ఏటా పండుమిరపకాయలు, గోంగూర కలిపి నూరిన పచ్చడి సీసాడు తెచ్చిస్తుంది. రేపు నేనన్న మాట ఆవిడ చెవిన పడితే లిఫ్టులో ఆ మొహం ఎలా చూడను? ఆ రెండు నిమిషాల్లో నా బుర్రలో మెదిలినవాళ్ళు ముగ్గురే: ఫోన్లో ఆయన, పక్కింటావిడ, నేను. పెళ్ళికూతురు లేదు. ఆ అమ్మాయి పేరేమిటని కూడా నేను అడగలేదు.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెంచారు మమ్మల్ని. పెరిగాం. ఇప్పుడు ఊరంతా మంచిదే, ఎవర్నడిగినా అందరూ మంచివాళ్ళే. అసలు సంగతి కావాలంటే మాత్రం పనిమనిషిని అడగాలి.

మొహమాటం అనే మాటకి ఇంగ్లీషులో సరైన మాట దొరకదని మా కాలేజీ ఇంగ్లీషు మేడం అంటుంటుంది. సిగ్గు కాదు, భయం కాదు, మర్యాద అసలే కాదు. దాని వ్యుత్పత్తి సంగతి పండితులు చూసుకుంటారు గానీ, నాకైతే ఆ మాటలో మొహమే కనిపిస్తుంది. ఎదురుగా ఉన్న మొహం చిన్నబోకూడదు, అంతవరకే దాని పట్టింపు. ఎదురుగా లేని మొహం ఏమైనా దానికి అక్కర్లేదు. మనం మంచితనం అని మురిసిపోయేదాంట్లో ముప్పాతిక వంతు ఇదేనని ఈ మధ్య నాకు గట్టిగా అనిపిస్తోంది. దాని ఖర్చు మాత్రం ఆ గదిలో లేనివాళ్ళ ఖాతాలో పడుతుంది.

ఇలా రాస్తుంటేనే నాకు నేనే అడ్డం పడుతున్నాను. ఇరవై ఫ్లాట్లున్న అపార్ట్‌మెంట్లో మొహమాటం లేకుండా ఒక్క వారం గడుస్తుందా? నీళ్ళ ట్యాంకరు డబ్బుల దగ్గర, పార్కింగ్ దగ్గర, పై ఫ్లాటు బాత్‌రూం కారి కింద ఫ్లాటు సీలింగ్ తడిసిన దగ్గర, మనసులో ఉన్నది ఉన్నట్టు అందరూ అనేస్తే సాయంత్రానికి పోలీసులు రావాలి. ఒప్పుకుంటాను. ట్యాంకరు దగ్గర మొహమాటపడితే పోయేది నా వంద రూపాయలు. అది నా ఇష్టం. ఫోన్లో నేను ఇచ్చేసింది నాది కాదు.

నోటు వెనక చెల్లు

ఈ జబ్బు నాకెక్కడ అంటుకుందో నాకు తెలుసు. నాన్న గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ వ్యాపారి దగ్గర గుమాస్తా. సీజన్లో ఇంటికొచ్చి చొక్కా విప్పి దులిపితే ఇంటిల్లిపాదీ తుమ్మేవాళ్ళం. బ్రాడీపేటలో రెండు గదుల వాటా మాది. నాన్నని లైనంతా ‘మంచాయన’ అనేది. పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. “మంచాయన వాళ్ళమ్మాయివా?” అని కిరాణా కొట్టులో నాకు ఓ బెల్లం ముక్క ఎక్కువ వచ్చేది.

1988లో అమ్మ పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన అరెకరం అమ్మితే చేతికి కొంత డబ్బొచ్చింది. అందులో 12 వేలు నాన్న తన స్నేహితుడికి ఇచ్చాడు. నూటికి రెండు రూపాయల వడ్డీ, ప్రామిసరీ నోటు. నాన్న జీతం అప్పుడు నెలకి 900. నోటుకి మూడేళ్ళే గడువని ఈ జిల్లాల్లో పుట్టినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ లోపల నోటు తిరగరాయించుకోవాలి. లేదంటే ఎంతో కొంత కట్టించుకుని, అప్పు తీసుకున్నవాడి సంతకంతో నోటు వెనక చెల్లు వేయించుకోవాలి. వంద రూపాయలు చెల్లు పడినా చాలు, అక్కణ్ణుంచి మళ్ళీ మూడేళ్ళు లెక్క.

గడువింకా నెల ఉందనగా అమ్మ గుర్తుచేసింది. నాన్న సరే అన్నాడు. వారం ఉందనగా మళ్ళీ చెప్పింది. ఆ ఆదివారం నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, నోటు మడతపెట్టి జేబులో పెట్టుకుని కొత్తపేట వెళ్ళాడు. నేను సైకిల్ మీద వెనక కూర్చున్నాను. వాళ్ళింట్లో నాన్నకి కాఫీ ఇచ్చారు, నాకు జంతికలు పెట్టారు. యార్డు కబుర్లు, వర్షాల కబుర్లు, ఆయన కొత్తగా కొన్న గ్రైండరు కబుర్లు. నాన్న చెయ్యి రెండుసార్లు జేబు దాకా వెళ్ళింది. జేబు పైన అలా తట్టి మళ్ళీ మోకాలి మీదికి వచ్చేసింది. ఆ చెయ్యి నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. గంటన్నర కూర్చుని లేచాం.

అమ్మ గుమ్మంలోనే అడిగింది, “వేయించారా?”

“వాళ్ళమ్మాయికి ఒంట్లో బాలేదుట. అలాంటప్పుడు ఏమడుగుతాం?”

వాళ్ళమ్మాయి నాతోపాటు జంతికలు తింది. నేను ఆ మాట చెప్పలేదు. నాకప్పుడు పదమూడేళ్ళు, అప్పటికే నాకూ మొహమాటం వచ్చేసింది.

నోటు మురిగిపోయింది. స్నేహితుడు ఆ తర్వాత కూడా ఎదురైనప్పుడల్లా నాన్నకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టేవాడు, “మీలాంటి మనిషి ఈ రోజుల్లో లేడు గురువుగారూ” అనేవాడు. నిజమే చెప్పాడు. ఇంకొకడు దొరికి ఉంటే అక్కడా తీసుకునేవాడు.

ఇంకో స్నేహితుడు బ్యాంకు లోను తీసుకుంటే నాన్న షూరిటీ సంతకం పెట్టాడు. అతను కట్టడం మానేసి ఊరు వదిలిపోయాడు. నోటీసు మా ఇంటికొచ్చింది. నేనిప్పుడు బీకాం పిల్లలకి బిజినెస్ లా చెప్తాను. 1872 కాంట్రాక్టు చట్టంలో 128వ సెక్షన్ వచ్చినప్పుడల్లా బోర్డు వైపు తిరిగి కాస్త ఎక్కువసేపు రాస్తాను. అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో హామీదారు బాధ్యతా అంతే అంటుంది ఆ సెక్షన్. ముందు వాణ్ణి అడిగి, వాడు ఇవ్వకపోతేనే నా దగ్గరికి రండి అనడానికి మామూలుగా వీల్లేదు. అమ్మ రెండు గాజులూ ఆ సెక్షన్ కింద పోయాయి. నోటీసు చదివి నాన్న అన్న మాట, “పాపం, వాడికేం కష్టం వచ్చిందో.”

అరెకరం అమ్మది. గాజులు అమ్మవి. మంచాయన అనే పేరు నాన్నది.

రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్ళు

ఇక్కడితో ఆపేస్తే నాన్నకి అన్యాయం చేసినట్టు. నేను చాలా ఏళ్ళు ఇక్కడే ఆపేశాను కూడా.

2006లో నాన్నకి పెద్దాసుపత్రిలో ఆపరేషన్. నాలుగు బాటిళ్ళ రక్తం కావాలన్నారు. ఇద్దరు దొరికారు. మిగతా ఇద్దరి కోసం నేను ఫోన్లు చేస్తూ వరండాలో తిరుగుతుంటే, మిరపకాయల ఘాటుతో సహా పదకొండు మంది లోపలికొచ్చారు. యార్డు హమాలీలు. ముఠా మేస్త్రీ ముందు నడుస్తున్నాడు. నాన్న అప్పటికి యార్డు మానేసి ఆరేళ్ళు. ఎవరు కబురు చెప్పారో తెలియదు. “మా అందర్దీ తీసుకోండమ్మా, మిగిలితే ఎవరికన్నా వేస్తారు” అన్నాడు మేస్త్రీ.

ఆ రాత్రి వరండాలో కూర్చుని ఆయన చెప్పిందాకా నాకు తెలియని సంగతి ఒకటుంది. ఒక ఏడు సీజన్లో షావుకారు ప్రతి టిక్కీకీ (మిరపకాయల బస్తాకి) తరుగు, అంటే తూకంలో కోసేది, ఇంకో కేజీ ఎక్కువ రాయమన్నాడట. కాటా దగ్గర పుస్తకం నాన్నది. రైతులు పల్నాడు నుంచి వచ్చి, సరుకు అమ్ముడుపోయేదాకా బస్తాల మీదే పడుకునేవాళ్ళు. నాన్న పుస్తకం మూసి షావుకారు ముందు పెట్టి, “అది నా చేత్తో రాయనండీ, మీరు రాసుకోండి” అన్నాడట. గట్టిగా కూడా అనలేదట. షావుకారు రెండు వారాలు నాన్నని పనిలోకి రావద్దన్నాడు. అమ్మని అడిగితే, ఆ రెండు వారాలూ గుర్తున్నాయంది. ఒంట్లో బాలేదని చెప్పి ఇంట్లో ఉన్నాడని అనుకుందట.

నోటు వెనక వంద రూపాయల చెల్లు వేయించుకోలేని మనిషి, అన్నం పెట్టే షావుకారుతో ‘రాయను’ అన్నాడు. నాకు చాలా రోజులు ఈ రెండూ ఒక మనిషిలో కుదరలేదు. ఇప్పుడు కొంచెం కుదురుతున్నాయి. కాటా దగ్గర నాన్నకి ఎదురుగా ఉన్న మొహం షావుకారుది. రైతు అప్పుడు అక్కడ లేడు, బస్తాల మీద పడుకుని ఉన్నాడు. అయినా నాన్నకి కనిపించాడు. కొత్తపేటలో మాత్రం అమ్మ కనిపించలేదు. ఇంట్లోవాళ్ళు మంచివాళ్ళకి ఎందుకో అందరికంటే చివర కనిపిస్తారు.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక అమ్మతో అన్నాను, “చూశావా, నాన్న మంచితనం ఊరికే పోలేదు.” అమ్మ పెసలు ఏరుతోంది. చేట ఆపకుండానే అంది, “వచ్చినవాళ్ళలో ఈయన సంతకం పెట్టినవాడు ఒక్కడైనా ఉన్నాడా?” లేడు. నాన్న కాదనలేకపోయినవాళ్ళలో ఒక్కరూ రాలేదు. ఒక్కసారి కాదన్నందుకు పదకొండు మంది వచ్చారు.

షాకిచ్చిన మర్యాదస్తులు

మా స్టాఫ్ రూములో సైకాలజీ చెప్పే అమ్మాయి ఒకరుంది. ఈ ఫోన్ సంగతి చెప్తే ఎవరో ఫ్రెంచివాళ్ళు చేసిన పరిశోధన ఒకటి చెప్పింది. 1961లో యేల్ యూనివర్సిటీలో స్టాన్లీ మిల్‌గ్రామ్ మొదలుపెట్టిన షాకుల ప్రయోగం చాలామంది వినే ఉంటారు. అవతలి గదిలో మనిషి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా కరెంటు షాకు పెంచుతూ పొమ్మంటారు. అవతల మనిషి నటుడు, షాకు ఉత్తుత్తిది, మీట నొక్కేవాడికి మాత్రం ఆ సంగతి తెలియదు. ఫ్రాన్సులో దాన్నే టీవీ గేమ్ షోలాగా మళ్ళీ చేశారు. కొన్ని నెలల తర్వాత, అందులో పాల్గొన్నవాళ్ళకి వేరే సర్వే అని చెప్పి ఫోన్ చేసి వాళ్ళ స్వభావాలు లెక్కగట్టారు. నలుగురితో సర్దుకుపోయే గుణం, పద్ధతిగా ఉండే గుణం ఎక్కువున్నవాళ్ళే ఎక్కువ షాకు దాకా వెళ్ళారని తేలింది. అవసరమైతే సమ్మెకి దిగుతాం, ఎదురు తిరుగుతాం అన్న ఆడవాళ్ళు తక్కువ దగ్గరే ఆగిపోయారట.

ఒక్క పరిశోధన పట్టుకుని, అదీ కొద్దిమంది మీద చేసింది, మంచివాళ్ళంతా ప్రమాదకరమని తీర్పు చెప్పడం నాకిష్టం లేదు. కానీ విన్న రాత్రి నిద్ర పట్టలేదు. షోలో యాంకరు ఎదురుగా నిలబడి “కానివ్వండి” అంటుంది. షాకు తినేవాడు గోడ అవతల ఉంటాడు. నాకది నా వంటగదిలాగే అనిపించింది.

డబ్బు సంగతిలో కూడా ఇలాంటిదే ఉంది. సర్దుకుపోయే స్వభావం ఉన్నవాళ్ళకి అప్పుల ఇబ్బందులు ఎక్కువని సాండ్రా మాట్జ్, జో గ్లాడ్‌స్టోన్ అనే ఇద్దరు పరిశోధకులు 2018లో చూపించారు. బేరమాడలేక కాదట, డబ్బంటే అంత లెక్కలేకపోవడం వల్లట. ఆదాయం తక్కువున్నవాళ్ళలో ఈ దెబ్బ మరీ ఎక్కువట. నాన్న జీతం 900 బదులు తొమ్మిది వేలు ఉంటే ఆ నోటు మా ఇంట్లో ఒక నవ్వులాట కథ అయ్యేది. పండగలకి చెప్పుకునేవాళ్ళం.

స్టాఫ్ రూము సంగతి ఎత్తాను కాబట్టి అదీ చెప్పేస్తాను. కాలేజీలకి గ్రేడులిచ్చే న్యాక్ వాళ్ళు వచ్చే ఏడాది ఫైళ్ళు తయారుచేసే పని, కల్చరల్ ప్రోగ్రాం పని, రిటైరయ్యేవాళ్ళకి శాలువా, బొకే తెచ్చే పని, అన్నీ నా బల్ల మీదికే వస్తాయి. “మేడం మంచివారు, కాదనరు” అంటూ వస్తాయి. లిండా బాబ్‌కాక్ అనే ఆర్థికవేత్త బృందం 2017లో ప్రచురించిన ప్రయోగాల్లో, పేరూ ప్రమోషనూ తేని పనులు చెయ్యమని ఆడవాళ్ళనే ఎక్కువగా అడిగారు. అడిగితే ఆడవాళ్ళు నూటికి 76 సార్లు ఒప్పుకున్నారు, మగవాళ్ళు 51 సార్లు. మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధి అని మనవాళ్ళు ఏ ప్రయోగమూ చెయ్యకుండానే అన్నారు. శాలువాల కొట్టు అతను నన్ను చూడగానే “ఎవరు రిటైరయ్యారు మేడం” అంటాడు.

పంచదార నీళ్ళు

నా వాదన ఇంత నున్నగా సాగుతుంటే నాకే అనుమానం వస్తోంది. అందుకని దీనికి అడ్డం పడే సంగతి ఒకటి చెప్పాలి.

మా చెల్లెలు విజయవాడ సింగ్‌నగర్‌లో ఉంటుంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద మీదపడినప్పుడు వాళ్ళది మొదటి అంతస్తు కాబట్టి ప్రాణాలతో, ఫోన్లో రెండు గీతల చార్జింగ్‌తో మిగిలారు. ఇద్దరు పిల్లలు, చిన్నదానికి నాలుగేళ్ళు. కరెంటు లేదు, తాగే నీళ్ళు లేవు, మూడో రోజుకి బియ్యం ఉన్నా వండే దారి లేదు. ఆ మధ్యాహ్నం పడవ వచ్చింది. పాలప్యాకెట్లు, పులిహోర పొట్లాలు. పడవ కుర్రాడు బాల్కనీ కిందకి వచ్చి చెయ్యి చాచాడు. మా మరిది వంగి చూసి, “మాకు పర్లేదు తమ్ముడూ, ముందు వెనక వీధి వాళ్ళకివ్వు” అన్నాడు. పడవ వెనక్కి తిరిగింది. ఆ రోజు మళ్ళీ రాలేదు. ఆ రాత్రి పిల్లలు పంచదార నీళ్ళు తాగి పడుకున్నారు.

మా చెల్లెలు ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది. ఎత్తినప్పుడల్లా మరిది లేచి బాల్కనీలోకి వెళ్ళిపోతాడు. ఒకసారి నేనూ వెనకే వెళ్ళి అడిగాను, ఎందుకలా అన్నావని. వెనక వీధిలో అన్నీ ఒంటి అంతస్తు ఇళ్ళు, జనం డాబాల మీద ఉన్నారు, వాళ్ళకంటే మనం నయం కదా అంటాడనుకున్నాను. “ఆ కుర్రాడు పొద్దుట్నుంచీ తెడ్డు వేస్తున్నాడు వదినా. మొహం పీక్కుపోయి ఉంది. మాకూ ఇవ్వు అని అడగబుద్ధి కాలేదు” అన్నాడు.

అంటే అచ్చమైన మొహమాటం. నాన్న చెయ్యి జేబు దాకా వెళ్ళి వెనక్కి వచ్చినట్టే. కానీ ఆ పొట్లాలు నిజంగానే వెనక వీధిలో డాబా మీదున్న ముసలివాళ్ళకి చేరాయి. నోటితో అన్నాడే గానీ వాళ్ళు మరిదికి కనిపించలేదు, ఆయన లెక్కలో లేరు, అయినా వాళ్ళకే మేలు జరిగింది. కష్టం మాత్రం అదే గదిలో ఉన్న పిల్లలకి వచ్చింది. నేను పైన చెప్పినదానికి ఇది తలకిందులుగా ఉంది. నా దగ్గర దీనికి సమాధానం లేదు. ఆ పూట అక్కడ నేనుంటే పొట్లాలు తీసుకునేదాన్ని. తీసుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతూ ఉండేదాన్ని.

మొహమాటం లేని మనుషులూ మా ఇంట్లో ఉన్నారు. మా బాబాయి ఒకాయన. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అనేది ఆయన ఊతపదం. ఆసుపత్రిలో నాన్నని చూడ్డానికి వచ్చి, మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, “మా ఆఫీసులో ఇదే ఆపరేషన్ ముగ్గురికి చేశారు. ఇద్దరు పోయారు” అన్నాడు. నాన్న ఆయనకి బత్తాయి ఒలిచి పెట్టమని నాకు సైగ చేశాడు. బాబాయి నిజం చెప్పలేదని ఎవరూ అనలేరు. ఆ నిజం ఎవరికి పనికొచ్చిందో కూడా ఎవరూ చెప్పలేరు. ఆయనకి కొరిటెపాడులో రెండు ఇళ్ళున్నాయి, ఎవరికీ ఏనాడూ షూరిటీ సంతకం పెట్టలేదు. నాకు బాబాయిలా బతకాలని లేదు. ఇది గొప్పకి అంటున్న మాట కాదు, అంత ధైర్యం కూడా లేదు.

బుధవారం

మూడు రోజులు తిరిగాను ఆ నంబరు పట్టుకుని. బుధవారం రెండో పీరియడ్ ఖాళీ. కాలేజీ వెనక సైకిల్ స్టాండు దగ్గర నిలబడి ఫోన్ చేశాను. ఏం చెప్పాలో ముందు రోజు రాత్రే కాగితం మీద రాసుకున్నాను, పాఠం నోట్సులాగా.

“ఆదివారం నేను తొందర్లో చెప్పానండీ. అబ్బాయికి కోపం ఎక్కువ. ఇంట్లో పెద్ద పెద్ద అరుపులు వినిపిస్తుంటాయి. వాళ్ళమ్మగారి మీద చెయ్యి చేసుకున్నాడేమోనని నాకు అనుమానం ఉంది. నేను కళ్ళతో చూడలేదు. మీరు ఇంకో ఇద్దర్ని అడిగి చూసుకోండి. మీ అమ్మాయిని కూడా నేరుగా మాట్లాడనివ్వండి.”

అవతల కాసేపు ఏమీ వినపడలేదు. లైను పోయిందేమో అనుకున్నాను.

“ఈ మధ్య మీకూ వాళ్ళకీ ఏమన్నా మాటామాటా వచ్చిందా అమ్మా?” అన్నారాయన.

“లేదండీ.”

“మరి ఆదివారం మంచి కుర్రాడన్నారు కదా.”

ఏం చెప్పను? మొహమాటానికి అన్నానండీ అని చెప్పాను. చెప్తుంటే నా మాట నాకే అబద్ధంలా వినిపించింది. ఆయన కోప్పడలేదు. అదే మెత్తటి గొంతుతో, “మీరు చాలా మంచావిడ అని చెప్పారమ్మా మాకు. సరే, ఉంటాను” అని పెట్టేశారు.

నేను మూడు రోజుల కింద ఆయనకిచ్చిన మాట చెల్లుతుందో, బుధవారం ఇచ్చింది చెల్లుతుందో ఆయనకెలా తెలుస్తుంది? ఎదురింటివాళ్ళ మీద అసూయతో సంబంధం చెడగొట్టే ఆడవాళ్ళ గురించి ఆయన నా కంటే ఎక్కువే విని ఉంటారు. అందరి గురించీ మంచే చెప్పే చోట ఒక చెడు మాట వినిపిస్తే, అందులో నిజం ఎంత అని ఎవరూ చూడరు. పగ ఏమిటి అని చూస్తారు. ఆయన్ని తప్పుపట్టను. నాకలాంటి ఫోన్ వచ్చినా నేనూ అదే అడిగేదాన్ని.

ఆ సంబంధం ఏమైందో తెలియదు. అడగడానికి నాకు మొహం లేదు. పక్కింటావిడ మామూలుగానే పలకరిస్తోంది. అబ్బాయి మొన్న కూడా లిఫ్టులో నా సంచి అందుకున్నాడు.

ఈ ఏడు పచ్చడి అయిపోయింది. సీసా కడిగి, ఎండబెట్టి, స్టవ్ గట్టు మీద పెట్టాను. ఖాళీ సీసా తిరిగివ్వకూడదంటారు కదా, కాసిని జీడిపప్పులో, కాస్త మైసూర్‌పాకో వేసి ఇవ్వాలి. మూడు వారాలైంది. ఏం వేసి ఇవ్వాలో తేలక అది ఇంకా గట్టు మీదే ఉంది.